లైట్‌హౌస్ బాకీ

మొన్న సూళ్లూరుపేటలో లోకల్ రైలెక్కి మద్రాసు పోయాం, నేనూ మా ఆయనా. ఆయనకి కళ్ల పరీక్ష. ఊరి పేరు మారి ఎన్నేళ్లయినా మా నెల్లూరు వైపు మా వయసు వాళ్ల నోటికి అది మద్రాసే. తడ దాటింది, గుమ్మిడిపూండి దాటింది, పొన్నేరి, మీంజూరు, ఎన్నూరు వరసగా వెనక్కి పోయాయి. బేసిన్ బ్రిడ్జి దగ్గర మాత్రం రైలు ఎప్పట్లాగే నిలబడిపోయింది. అక్కడ ఆగకుండా నేరుగా లోపలికి పోయిన రైలును నేనింతవరకూ ఎక్కలేదు.

చివరికి మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో దిగాం. సెంట్రల్ పక్కనే లోకల్ రైళ్ల కోసం కట్టిన స్టేషను అది. నాలుగడుగులు వేశాక మా ఆయన ఆగి, ముక్కు ఎగబీల్చి గాలి పీల్చారు.

"ఏ వాసనా రావడం లేదే" అన్నారు.

ఆయన వెతుకుతున్నది పాత పుస్తకాల వాసన. మేం నిలబడిన ఆ చోట ఒకప్పుడు మూర్ మార్కెట్ ఉండేది. ఇప్పుడు ఫినాయిలు వాసన, జనం చెమట, ఎవరో వేయిస్తున్న వేరుశనగల వాసన. వెనక నుంచి తోసుకుంటూ పోయే జనానికి దారి ఇచ్చి, ఇద్దరం ఒక స్తంభం పక్కన కాసేపు నిలబడ్డాం. "పద, డాక్టరు దగ్గర టోకెను పోతుంది" అని నేనే ఆయన చెయ్యి పట్టుకుని కదిలించాను గానీ, నా ప్రాణం మాత్రం అక్కడే ఉండిపోయింది.

*

పెళ్లయిన రెండో ఏడు. నాయుడుపేటలో ఉమ్మడి సంసారం. మామ, అత్త, ఇద్దరు మరుదులు, పెళ్లి కావలసిన ఆడబిడ్డ, మేము. మా ఆయన బియ్యం మిల్లులో గుమాస్తా. పొద్దున ఏడింటికి పోతే రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరేవారు. ఎంత ఉతికినా ఆయన చొక్కాల్లో తవుడు వాసన పోయేది కాదు. మొలగొలుకుల వడ్లు ఆడించే రోజుల్లో మాత్రం ఆ వాసనకు ఒక కమ్మదనం వచ్చేది. ఇద్దరం కలిసి గడప దాటడమంటే గుడికో సినిమాకో, అదీ ఆడబిడ్డను వెంటబెట్టుకునే. నేను పుట్టింది ఉదయగిరి వైపు మెట్ట ఊళ్లో. సముద్రం చూడలేదు. మద్రాసు సంగతి చెప్పనే అక్కర్లేదు.

మద్రాసు చూసొచ్చిన వాళ్లు ఆ రోజుల్లో మా వైపు ఏం చెప్పేవాళ్లంటే, బతికిన కాలేజీ చూశాం, చచ్చిన కాలేజీ చూశాం అని. బతికిన కాలేజీ అంటే జంతువులుండే జూ. చచ్చిన కాలేజీ అంటే ఎగ్మూరు మ్యూజియం. అరవం నుంచి వచ్చిన మాటలే అవి. నా చిన్నప్పుడు నిజంగానే అవి చదువుకునే కాలేజీలనుకునేదాన్ని. ఒక రాత్రి ఆ మాట ఆయనతో అంటే నవ్వలేదు. లేచి కూర్చుని, "ఒక్కరోజు పోయొద్దామా? మనిద్దరమే" అన్నారు.

అలా మొదలైంది.

*

మా గదిలో జీరో బల్బు. మిల్లులో పారేసిన చిట్టా కాగితం వెనకవైపు, చెవి మీద పెట్టుకునే పెన్సిలు ముక్కతో ఆయన గీత గీశారు. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు. లెక్క వేయకుండా ఆయన ఏ పనీ చేయలేరు. జమ కింద ఒక్కటే పద్దు: ఎనిమిదిన్నర గంటలు. పొద్దున పాసింజరు తొమ్మిదిన్నరకు సెంట్రల్ చేరుతుంది, సాయంత్రం ఆరింటికి తిరుగు పాసింజరు. మధ్యలో ఉన్నదంతా మాది.

ఖర్చు వైపు పద్దులు పెరుగుతూ పోయాయి. బతికిన కాలేజీ ఒక గంట. చచ్చిన కాలేజీ గంటన్నర. మూర్ మార్కెట్ అరగంట. ఎల్ఐసీ బిల్డింగు పావుగంట, "నిలబడి చూసేదానికి అంతకన్నా ఎందుకు" అని. తినేదానికి అరగంట. ఎన్టీ రామారావు ఇల్లు. పానగల్ పార్కు దగ్గర చీర. లైట్‌హౌస్. సముద్రం. కూడితే పది గంటలు దాటింది. పైగా ఒకచోటు నుంచి ఇంకో చోటికి బస్సులో పోయే టైము రాయనే లేదు. ఆ తప్పు పట్టింది నేను. ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మిల్లులో ఆయన లెక్కలో తప్పు పట్టిన వాళ్లు లేరట.

దాంతో తుడిచి మళ్లీ రాయడం. ఒక రాత్రి మూర్ మార్కెట్ పోయేది, మరుసటి రాత్రి తిరిగొచ్చేది. చీరకు ముప్పావు గంట అంటే నేను ఇరవై నిమిషాలు చాలన్నాను. మిగిలింది సముద్రంలో వేయమన్నాను. సముద్రంలోంచి ఒక్క నిమిషం తీసినా నేను రానని ముందే చెప్పేశాను. ఆయన పట్టు చచ్చిన కాలేజీ మీద. బళ్లో తెలుగు అయ్యవారు చెప్పారట, అమరావతి స్తూపం రాళ్లు కొన్ని సముద్రం దాటి లండనుకు పోయాయి, మిగిలినవి చాలావరకు మద్రాసు మ్యూజియంలో ఉన్నాయి, బతికి ఉండగా ఒక్కసారైనా చూడండిరా అని. నలుగురిలో నోరు మెదపని మనిషి, జీరో బల్బు వెలుతురులో ఆ చలువరాళ్ల గురించి, వాటి మీద చెక్కిన తామరపూల గురించి చూసినట్టే చెప్పేవారు. పెళ్లయి ఏడాది దాటినా ఆయన ఎలాంటి మనిషో నాకు తెలిసింది ఆ పదిహేను రాత్రుల్లోనే. గోడ అవతల అత్త దగ్గితే బల్బు ఆర్పేసేవాళ్లం. చీకట్లో కూడా గుసగుసగా గంటలూ నిమిషాలూ కలుపుకునే వాళ్లం.

అప్పుడు దారి చెప్పేది మిల్లుకు వచ్చే లారీ డ్రైవర్లే. రెడ్‌హిల్స్ మండీలకు బియ్యం తోలేవాళ్లు. వాళ్లకు తెలిసిన మద్రాసంతా రాత్రి మద్రాసు. ఏ సందులో టీ దొరుకుతుందో, ఎక్కడ పోలీసులు ఆపుతారో బాగా చెప్పేవాళ్లు. టీ నగర్‌కు బస్సు ఎక్కడ ఎక్కాలంటే ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకొకటి. ఆయన అన్నీ రాసుకొచ్చేవారు.

*

సెలవు దొరికింది శివరాత్రి వెళ్లిన అమావాస్యకు. శివరాత్రికి హమాలీలంతా శ్రీకాళహస్తి పోతారు, మిల్లు తీరిగ్గా మళ్లీ మొదలయ్యేది అమావాస్య దాటాకే. చలి శివశివా అని వెళ్లిపోయింది, ఎండలింకా ముదరలేదు. అన్నీ కుదిరాయి, అమావాస్య ఒక్కటే కుదరలేదు.

"అమావాస్య నాడు కొత్తకోడలిని తీసుకుని ఊరు దాటతావా?" అంది అత్త. గొంతు పెద్దది చేయలేదు. చేయలేదంటేనే గట్టిగా అన్నట్టు.

మా ఆయన తలొంచుకున్నారు. నేను వంటింట్లో తలుపు చాటున నిలబడి, చేతిలో పట్టుకున్న గిన్నెను కింద పెట్టడం కూడా మరిచిపోయాను. అప్పుడు మామ అరుగు మీద నుంచి అన్నాడు: "అరవోళ్లకి అమావాస్య మంచిరోజే గదా. వీళ్లు పోయేదీ అరవదేశానికే. ఆడికి పొయ్యేదానికి ఆడి పంచాంగం చూసుకోవాల."

అత్త పుట్టింది సత్యవేడు దగ్గర. 1960లో ఇటు ఆంధ్రలో కలిసేదాకా అది చెంగల్పట్టు జిల్లా. వాళ్ల వైపు అమావాస్య నాడు కొత్త పనులు మొదలుపెట్టడం ఆమె చిన్నప్పుడు చూసిందే. ఏమీ అనలేకపోయింది. సాయంత్రం పులిహోరకు చింతపండు నానబెట్టమని నాకు చెప్పింది. అదే అనుమతి.

మామ మాత్రం ఒక షరతు పెట్టాడు. రాత్రి మా ఆయన్ని అరుగు మీదికి పిలిచి, "మైలాపూరు కాడ రాయపేట హైరోడ్డులో 126 నెంబరు ఇల్లు ఉండాది. పొట్టి శ్రీరాములు గారు పానం ఇడిసిన ఇల్లు. ఆ ఇంటి ముందర నా పేరు చెప్పి ఒక దండం పెట్టిరా అబ్బయా" అన్నాడు.

"నువ్వే ఎప్పుడైనా పోయి ఉండొచ్చు గదా నాయనా" అన్నారు ఈయన.

మామ చాలాసేపు మాట్లాడలేదు. చిన్నప్పుడు నెల్లూరులో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నాడట. హరిజనులను గుళ్లలోకి రానివ్వమని రాసిన అట్టలు మెడలో వేసుకుని, చెప్పులు లేకుండా, గొడుగు లేకుండా ఎర్రటి ఎండలో శ్రీరాములు గారు వీధుల వెంట తిరుగుతుంటే పిల్లలు వెనకబడి పిచ్చాయన అని నవ్వేవాళ్లట. "నేనూ నవ్వినా" అన్నాడు మామ. "తర్వాత ఆయన 58 రోజులు అన్నం మాని మన కోసం చచ్చిపోయినాడని తెలిసిన రోజు ఊళ్లో అంగళ్లన్నీ మూసేసినారు. నాకు మొహం చెల్లలా. ఇప్పటికీ చెల్లదు. నువ్వు పెట్టిరా."

లోపలికొచ్చి మా ఆయన ఆ కాగితం తీసి, దేంట్లోనూ తగ్గించకుండా, అడుగున కొత్త పద్దు రాశారు: నాయన దండం, పావుగంట.

*

తెల్లారకముందే బయల్దేరాం. వైరు బుట్టలో అరిటాకుల్లో కట్టిన పులిహోర పొట్లాలు, పెరుగన్నం, మరచెంబు నిండా నీళ్లు. మరచెంబు ఇప్పటి పిల్లలకు తెలియదు. మూత మర తిప్పి బిగించే ఇత్తడి చెంబు. అందులో నీళ్లు తాగితే నాలుక మీద కాసేపు ఇత్తడి రుచి ఉండేది. తడ దాటాక కిటికీలోంచి పులికాట్ ఉప్పుగాలి వచ్చి మొహానికి తగిలింది. "ఇదేనా సముద్రం వాసన?" అన్నాను. "ఇది చెరువు. అది ఇంకా పెద్దది" అన్నారు.

బేసిన్ బ్రిడ్జి దగ్గర ముప్పావు గంట నిలబెట్టేశాడు. ఆయన పెన్సిలు తీసి జమలోంచి ముప్పావు గంట కొట్టేశారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

బతికిన కాలేజీని తొందరగా చూసేశాం. సింహం మా వైపు వీపు పెట్టి పడుకుని ఉంది. ఆ వాసన పడక నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. తర్వాత కొన్నేళ్లకు, 1985లో ఆ జూను వండలూరు అడవి పక్కకు మార్చేశారు. అక్కడ జంతువులకు చోటు దొరికిందని విని సంతోషించాను.

పక్కనే మూర్ మార్కెట్. అరగంట అనుకున్నది గంటన్నర అయింది, అయినా ఆయన గడియారం చూసుకోలేదు. ఎర్ర ఇటుకల పెద్ద కట్టడం, కమాను గుమ్మాలు, లోపల చుట్టూ వరండాలు. ఒక పక్క పంజరాల్లో చిలకలు, కుందేళ్లు. ఇంకో పక్క గ్రామఫోను ప్లేట్లు, తాళాలు, కీలుబొమ్మలు, ఎవరి ఇంటివో పాత గోడగడియారాలు. ఏ రెండు గడియారాలూ ఒకే టైము చూపించడం లేదు. అన్నిటికీ మించి పుస్తకాలు. నేల మీద, గోడల వెంట, మనిషి ఎత్తు దొంతరలు. వాన తగిలి ఆరిన కాగితం, బైండింగు బంక, దుమ్ము, కర్పూరం కలిసినట్టుండే ఆ వాసనకు మా ఆయన కళ్లు మూసుకున్నారు.

తెలుగు పుస్తకాలూ బోలెడు. ఉండక ఏమవుతాయి? ఎన్నో ఏళ్లు తెలుగు పుస్తకాలు అచ్చయింది మద్రాసులోనే కదా. అట్ట ఊడిపోయిన ఒక తెలుగు నిఘంటువు ఆయన చేతిలోకి వచ్చింది. మొదటి పేజీలో ఎవరో సిరాతో రాసుకున్న పేరు సగం చెరిగిపోయి ఉంది. కొట్టతను చెప్పిన ధర విని ఆయన దాన్ని అక్కడే పెట్టేసి నాలుగడుగులు పోయారు. అతను పిలిచాడు. ఈయన తిరిగి చూడలేదు. మళ్లీ పిలిచాడు. చివరికి చెప్పినదాంట్లో పావు వంతుకు ఇచ్చాడు. ఇచ్చాక అతనే పాత అరవ పత్రికలో చుట్టి, పురికొస కట్టి, "జాగ్రత్తగా చూసుకోండి, మంచి పుస్తకం" అని చక్కటి తెలుగులో అన్నాడు. బేరం సాగినంతసేపూ అరవంలోనే మాట్లాడిన మనిషి!

*

చచ్చిన కాలేజీ గేటు మూసి ఉంది. శుక్రవారం సెలవట.

పదిహేను రాత్రులు కూర్చుని ప్లాను వేసుకున్న మాకు ఆ ముక్క తెలియదు. ఏ లారీ డ్రైవరూ చెప్పలేదు, వాళ్లకేం తెలుసు పాపం. ఆయన గేటు ఊచలు పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడ్డారు. చెట్లు, ఎర్రటి కట్టడం అంచు తప్ప ఇంకేమీ కనపడటం లేదు. నేను పక్కన నిలబడి ఏం మాట్లాడాలో తెలియక, మరచెంబు మూత తిప్పి నీళ్లిచ్చాను. తాగారు. కాగితం తీసి చచ్చిన కాలేజీ పక్కన "బాకీ" అని రాశారు. కొట్టేయలేదు. అది గమనించాను.

బస్సులో కండక్టరు తన సీట్లోంచి లేచి రాడు. డబ్బులు చేతులు మారి ఆయన దగ్గరికి పోతాయి, టిక్కెట్టూ చిల్లరా చేతులు మారి వెనక్కొస్తాయి. నేను ఆ వచ్చే చేతుల్నే చూస్తూ కూర్చున్నాను. ఒక పూలావిడ చెయ్యి, ఒక కాలేజీ పిల్లవాడి చెయ్యి, ఒక పోలీసు చెయ్యి. పైసా తగ్గకుండా చిల్లర నా దోసిట్లోకి వచ్చింది. మద్రాసు మీద నాకు ప్రేమ పుట్టింది అక్కడే.

మౌంటు రోడ్డులో ఎల్ఐసీ బిల్డింగు ముందు నిలబడి అంతస్తులు లెక్కపెట్టాం. నాకు పదమూడు వచ్చాయి, ఆయనకు పదిహేను. మళ్లీ లెక్కపెట్టబోతుంటే పక్కన జామకాయలమ్ముకునే ముసలామె తల ఎత్తకుండానే "పదినాలు" అంది. రోజుకెంతమంది అక్కడ నిలబడి అలా మెడలు పైకెత్తేవాళ్లో! 1959లో కట్టారు దాన్ని, అప్పటికింకా మద్రాసులో దాన్ని మించిన ఎత్తయిన బిల్డింగు లేదు.

టీ నగర్‌లో బజుల్లా రోడ్డు ఎక్కడని అడగనక్కర్లేదు, తిరుపతి బస్సులు ఆగి ఉన్న చోటికి పోతే చాలు. కొండ దిగి నేరుగా వచ్చిన జనం, నున్నటి గుండ్లు, వాటి మీద గంధం, చేతుల్లో లడ్డు సంచులు. శ్రీవారి దర్శనం అయ్యాక రామారావు గారి దర్శనం. ఆయన తెల్లవారుజామునే అందరికీ కనపడి షూటింగుకు వెళ్లిపోయారట. అయినా జనం కదలడం లేదు. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకామె గేటుకు దండం పెట్టి, నా చేతిలో లడ్డు ముక్క పెట్టింది. మరుసటి ఏడు, 1982 మార్చిలో ఆయన పార్టీ పెట్టినప్పుడు మా ఊళ్లో అందరూ ఆశ్చర్యపోయారు. ఆ గేటు ముందు నిలబడి చూసిన నేను ఆశ్చర్యపోలేదు.

పానగల్ పార్కులో బెంచీ మీద పులిహోర తిన్నాం. పానగల్ రాజా వారు, టీ నగర్‌కు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి గారు, ఇద్దరూ తెలుగు వాళ్లేనని ఆయన చెబుతుంటే వింటూ, రోడ్డవతల చీరల కొట్ల వైపు చూస్తూ తిన్నాను. చీర మాత్రం కొనలేదు. నిఘంటువుకు పెట్టాక మిగిలిన డబ్బులో నాకు నచ్చిన చీర రాదు. వచ్చే చీర నాకు నచ్చలేదు. ఆయన మొహం చిన్నబోయింది. "ఈ ఇరవై నిమిషాలూ సముద్రంలో వేయండి" అన్నాను.

*

రాయపేట హైరోడ్డులో ఆ ఇల్లు వెతకడానికి చాలాసేపు పట్టింది. చివరికి ఒక సైకిలు షాపతను వేలెత్తి చూపించాడు. ఇంటి ముందు నుంచి బస్సులు, రిక్షాలు పోతూనే ఉన్నాయి. ఎవరూ ఆగడం లేదు, ఆగాలని ఎవరికీ తెలియదు. 1952 డిసెంబరు 15 రాత్రి అక్కడ ఒక ప్రాణం పోయింది, మరుసటి ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆ మధ్యలో మద్రాసు మనకు కాకుండా పోయింది.

మా ఆయన చెప్పులు విడిచారు. ఎండకు కాలిన ఆ రోడ్డు పక్కన చేతులు జోడించి, మామ పేరు, ఇంటి పేరుతో సహా గట్టిగా చెప్పారు. తర్వాత ఏమన్నారో నాకు వినపడలేదు. ఒక బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. నేను కూడా చెప్పులు విడిచి దండం పెట్టాను.

పావుగంట రాసుకున్న పద్దు అది. ఎంతసేపు నిలబడ్డామో నాకు తెలియదు.

*

అందుకే లైట్‌హౌస్ దగ్గరికి పోయేసరికి అయిదు దాటింది. అప్పటికది కట్టి నాలుగేళ్లే. ఎర్రగా తెల్లగా పట్టీలు పట్టీలుగా, మూడు పలకలుగా ఆకాశంలోకి నిలబడి ఉంది. లోపల లిఫ్టు ఉంటుందని, పైకి పోతే మద్రాసంతా కనపడుతుందని డ్రైవర్లు చెప్పారు. నేను అప్పటిదాకా లిఫ్టు ఎక్కలేదు. కాపలా మనిషి గొలుసు తగిలిస్తూ, "టైము ముడింజి పోచ్చు. నాళైకి వాంగ" అన్నాడు. టైమైపోయింది, రేపు రండి.

రేపు! మాకున్నది ఒక్క రోజు.

ఆయన కాగితం తీసి, లైట్‌హౌస్ పక్కన "బాకీ" అని రాశారు.

రోడ్డు దాటి ఇసుకలో దిగాం. ఆ సంగతి ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. ఉదయగిరి కొండ ఎక్కి చూస్తే ఎంత దూరం కనపడుతుందో అంత దూరమూ నీళ్లు, అవి ఊరికే ఉండకుండా కదులుతున్నాయి, మాట్లాడుతున్నాయి. చప్పుడు అంత ఉంటుందని ఎవరూ నాకు చెప్పలేదు. మొదటి అల పాదాల కింద ఇసుకను లాగేసుకుని వెనక్కి పోతుంటే పడిపోతాననుకుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. నలుగురున్న చోట ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. ఆయన విడిపించుకోలేదు. "తేంగా మాంగా పట్టాణి సుండల్" అని అరుస్తూ ఒక కుర్రాడు బిందె సైజు డబ్బా మోసుకుంటూ వచ్చాడు. కాగితంలో పెట్టిచ్చిన ఆ వేడి బఠాణీలు, పచ్చి మామిడి ముక్కలు తింటూ తడి ఇసుకలో కూర్చున్నాం.

అయిదున్నరకు లేవాలి. లేకపోతే పాసింజరు దొరకదు. నేనే గుర్తుచేశాను. ఆయన జేబులోంచి కాగితం తీసి చూశారు. ఆ సాయంత్రపు వెలుతురులో దాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్లీ జేబులో పెట్టుకుని, "పోతే పోనీ. పారిస్ కార్నర్ దగ్గర మన బస్సులుంటాయి" అన్నారు.

లెక్క తప్పని మనిషి అన్న మాట అది. వెనక లైట్‌హౌస్‌లో దీపం వెలిగింది. దాని వెలుతురు తిరుగుతూ వచ్చి నీళ్ల మీద పడి, మళ్లీ పోయి, మళ్లీ వస్తుంటే ఎన్నిసార్లు వచ్చిందో ఆయన లెక్కపెట్టలేదు. నేనూ లెక్కపెట్టలేదు.

అర్ధరాత్రి దాటాక నాయుడుపేటలో దిగాం. మామ అరుగు మీద మేలుకునే ఉన్నాడు. ఎందుకాలస్యమైందని అడగలేదు.

"పెట్టినావా?"

"పెట్టినాను నాయనా. నీ పేరు చెప్పినా."

మామ తువ్వాలుతో మొహం తుడుచుకుని లోపలికి పోయాడు.

*

1985 వేసవిలో మూర్ మార్కెట్ కాలిపోయింది. పేపర్లో ఆ వార్త చదివి మా ఆయన నిఘంటువును ట్రంకు పెట్టెలోంచి తీసి, ఆ రోజంతా ఒళ్లో పెట్టుకున్నారు. ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. తెరిస్తే ఆ మార్కెట్టంతా ముక్కుకు తగులుతుంది.

చచ్చిన కాలేజీ బాకీ పిల్లల చిన్నప్పుడు వేసవి సెలవుల్లో తీరింది. పిల్లలు తిమింగలం ఎముకల దగ్గర గంతులేస్తుంటే, ఈయన అమరావతి రాళ్ల ముందు చేతులు వెనక్కి కట్టుకుని బళ్లో పిల్లాడిలా నిలబడ్డారు. లైట్‌హౌస్ బాకీ మాత్రం తీరలేదు. అప్పటికి భద్రత కోసమని లైట్‌హౌస్‌లోకి జనాన్ని రానివ్వడం మానేశారు. ఇరవై ఏళ్లకు పైగా అలాగే ఉంది. ఈలోగా ఆ మాట మా ఇంట్లో నానుడి అయిపోయింది. నాకు చీర కొంటానని మరిచిపోతే లైట్‌హౌస్ బాకీ. మా అబ్బాయి చదువుతానన్న పుస్తకం చదవకపోతే లైట్‌హౌస్ బాకీ. 2013లో మళ్లీ తెరిచారని ఈయన పేపరు కత్తిరించి దాచారు. అప్పటి నుంచి ఏదో ఒకటి. మామ పోవడం, అత్త మంచాన పడటం, నా మోకాళ్లు.

*

మొన్న డాక్టరు ఆయన కళ్లలో చుక్కలు వేశారు. కంటిపాప పెద్దదవుతుందట, సాయంత్రం దాకా అన్నీ మసకగా కనపడతాయి, ఎండలోకి పోతే నల్లద్దాలు పెట్టుకోవాలి అన్నారు. శుక్లాలు రెండు కళ్లలోనూ ఉన్నాయి, వచ్చే నెల ఆపరేషను.

బయటికి వచ్చి ఆటో ఎక్కాక, "స్టేషనుకేనా?" అని నేను అడిగేలోపే ఆయన డ్రైవరుతో, "లైట్‌హౌస్" అన్నారు.

"మీకేమీ కనపడదు గదండీ ఇవాళ" అన్నాను.

"నీకు కనపడుతుంది గదా."

టిక్కెట్టు తీసుకుని లిఫ్టులో పైకి పోయాం. తలుపు తెరుచుకోగానే ఒకటే గాలి. ఆయన కటకటాలు పట్టుకుని, నల్లద్దాల్లోంచి వెలుతురు వైపు మొహం తిప్పి, "చెప్పు" అన్నారు.

చెప్పాను. తూర్పున సముద్రం, ఇవాళ ఆకుపచ్చగా ఉంది. కింద పడవలు, వలలు ఆరేసిన ఇసుక. దక్షిణాన తెల్లగా శాంథోమ్ చర్చి శిఖరం. పడమర కపాలీశ్వరుడి గోపురం, దాని మీద పావురాలు.

"రాయపేట రోడ్డు?"

"ఆ చెట్ల వెనకాల ఉంటుందనుకుంటా. ఇక్కడికి కనపడదు."

"ఎల్ఐసీ కనపడుతోందా?"

ఉత్తరం వైపు చాలాసేపు వెతికాను. ఎన్నెన్నో లేచాయి, అన్నీ ఎత్తుగానే ఉన్నాయి. "ఏది అదో పోల్చుకోలేకపోతున్నా" అన్నాను.

"మనం కూర్చున్న చోటు?"

నీళ్ల అంచున రెండు చుక్కల్లా ఎవరో ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒక కుర్రాడు డబ్బా మోసుకుంటూ వాళ్ల వైపు నడుస్తున్నాడు. అదీ చెప్పాను. ఆయన అటువైపు మొహం తిప్పి, చూస్తున్నట్టే నిలబడ్డారు.

గార్డు దగ్గరికొచ్చి, "టైము ఆచ్చు సార్" అన్నాడు.

మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసుకుని లిఫ్టు వైపు నడుస్తూ, అతనితో, "సరి తంబీ. నాళైకి వరోం" అన్నారు.